సెల్లు, బల్బు, రిఫ్లెక్టరు, రబ్బరు: వానకు తట్టుకునే చవక టార్చిలైట్ల శాస్త్రం

టార్చిలైటు కొనేవారు ఎక్కువగా వెలుగునూ ధరనూ చూస్తారు. అయితే వానలోనూ వరదలోనూ అక్కరకు వచ్చే టార్చిలైటు నాలుగు భాగాల పొందిక మీద నడుస్తుంది: విద్యుత్తునిచ్చే సెల్లు, ఆ విద్యుత్తును వెలుగుగా మార్చే బల్బు, ఆ వెలుగును ఒక దిక్కుకు మళ్లించే రిఫ్లెక్టరు, నీటిని వెలుపలే ఆపే రబ్బరు వలయం. వీటిలో ఏ ఒక్కదాన్ని మార్చినా మిగిలిన మూడింటి మీద పడే భారం మారుతుంది కాబట్టి, పాత టార్చిలో కొత్త ఎల్‌ఈడీ బల్బు వేయడమనే చిన్న పని కూడా వోల్టేజీ, వేడి, కాంతి కేంద్రీకరణ, నీటి కట్టుదిట్టం అనే నాలుగు ప్రశ్నలను ఒకేసారి తెచ్చిపెడుతుంది.

వరంగల్ ప్రాంతంలో ఇవి పుస్తకాలకే పరిమితమైన ప్రశ్నలు కావు. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఆ తెల్లవారుజామునే భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని వాగు ముంచెత్తగా జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ తరువాత రెండు రోజులకు వరంగల్ నగరంలో భద్రకాళి చెరువు కట్టకు గండిపడింది. అదే నగరంలోని కొత్తవాడ జంపఖానాలు, అంటే మందపాటి నూలు తివాచీలు నేసే చేనేత కార్మికుల పేట. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇటువంటి పేటలో గాలివానకు కరెంటు పోయినప్పుడు మగ్గం ఆగడంతో సరిపోదు, నేలమీద ఉన్న నూలునూ నేసిన సరుకునూ తడవకుండా పైకెక్కించాలి, తెగిన పడుగు పోగును వెతికి అతకాలి. ఈ పనులన్నిటికీ తడి చేతిలోనూ వెలిగే, రంగును ఉన్నది ఉన్నట్టు చూపే దీపం కావాలి.

పాత బల్బు, సెల్లు

టార్చిలైటు పుట్టుక సెల్లుతోనే ముడిపడి ఉంది. 1866లో ఫ్రాన్సుకు చెందిన జార్జ్ లెక్లాంషే జింకు, మాంగనీసు డయాక్సైడులతో తయారుచేసిన ద్రవపు ఘటాన్ని 1886లో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ ఒలికిపోని ముద్దగా మార్చి అనార్ద్ర ఘటాన్ని, అంటే ఇప్పుడు అందరూ సెల్లు అనే వస్తువును, రూపొందించాడు. దాని ఆధారంగానే 1899లో డేవిడ్ మిసెల్ అమెరికాలో గొట్టం ఆకారపు టార్చికి పేటెంటు పొందాడు. తెలుగు నేల మీద 1972లో జపాను సాంకేతిక సహకారంతో ఏర్పడిన ఇండో నేషనల్ సంస్థ నెల్లూరు కర్మాగారంలో చేసిన నిప్పో సెల్లు, ఎవరెడీ ఎర్ర సెల్లుతో పోటీపడుతూ, ఊరి కిరాణా కొట్టుదాకా చేరింది.

జింకు-కార్బన్ సెల్లు కొత్తగా ఉన్నప్పుడు ఒకటిన్నర వోల్టులు ఇస్తుంది, వాడేకొద్దీ ఒక వోల్టు దాకా దిగుతుంది. సెల్లు లోపలి రసాయనాలే విద్యుత్ ప్రవాహాన్ని కొంత అడ్డుకుంటాయి. ఈ అడ్డును అంతర్నిరోధం అంటారు. ఎక్కువ కరెంటు గుంజినకొద్దీ అంతర్నిరోధం వల్ల పోయే వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి, చవక సెల్లు చిన్న రేడియోలో నెలల తరబడి పనిచేసినా పెద్ద టార్చిలో త్వరగా నీరసిస్తుంది.

రెండు సెల్లుల పాత టార్చిలో వాడే టంగ్‌స్టన్ తీగ బల్బు సుమారు 2.4 వోల్టుల వద్ద అర ఆంపియరు, అంటే దాదాపు 1.2 వాట్లు తీసుకుని 10 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. ల్యూమెన్ అంటే బల్బు అన్ని దిక్కులకూ వెదజల్లే మొత్తం వెలుగుకు కొలమానం. ఇటువంటి బల్బు వెలుగు వోల్టేజీకి సమానంగా తగ్గదు, సుమారు దాని 3.4వ ఘాతం ప్రకారం తగ్గుతుంది; అందువల్ల వోల్టేజీ పది శాతం పడిపోతే వెలుగులో ముప్పై శాతం పోతుంది, ఇరవై శాతం పడిపోతే సగానికి పైగా పోతుంది. మరోవైపు, వోల్టేజీని కేవలం ఐదు శాతం పెంచితే వెలుగు పద్దెనిమిది శాతం పెరిగినా బల్బు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మూడు సెల్లుల టార్చిలో రెండు సెల్లుల బల్బు వేస్తే కాసేపు దివ్యంగా వెలిగి మాడిపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్కలోనే ఖర్చులేని మెరుగుదల ఒకటి దాగి ఉంది. స్ప్రింగు మీద, సెల్లు చివరల మీద, స్విచ్చు రేకు మీద పట్టిన చిలుము 0.2 ఓముల నిరోధాన్ని కలిపినా, అర ఆంపియరు కరెంటుకు 0.1 వోల్టు అక్కడే ఖర్చవుతుంది, 2.4 వోల్టుల బల్బుకు అది నాలుగు శాతం నష్టం, వెలుగులో చూస్తే పదమూడు శాతానికి పైగా నష్టం. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో ఆ చోట్లను తుడవడం బల్బు మార్చడం కంటే ముందు చేయవలసిన పని. ఉప్పుకాగితంతో గీకితే పైపూత లేచిపోయి చిలుము మరింత త్వరగా పడుతుంది.

ఎల్‌ఈడీ బల్బు వేస్తే ఏం మారుతుంది

తెల్లని ఎల్‌ఈడీ నిజానికి నీలి కాంతినిచ్చే అర్ధవాహకం. దాని మీద పూసిన పసుపు రంగు ఫాస్ఫరు ఆ నీలికాంతిలో కొంత భాగాన్ని పసుపు కాంతిగా మార్చగా, రెండూ కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి. సమర్థమైన నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. తీగ బల్బు వాటుకు ఎనిమిది ల్యూమెన్లు ఇచ్చే చోట మామూలు ఎల్‌ఈడీ ఎనభై, అంతకు మించి ఇస్తుంది కాబట్టి, పాత టార్చి గొట్టం అలాగే ఉంచి బల్బు ఒక్కటే మార్చాలన్న కోరిక సహజమే.

మొదటి చిక్కు వోల్టేజీ. తెల్లని ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు మూడు వోల్టులు కావాలి. రెండు సెల్లులు కొత్తవైనా భారం పడగానే అంతకు దిగువకు జారతాయి. అందుకే రెండు సెల్లుల టార్చికి అమ్మే ఎల్‌ఈడీ బల్బు మూతిలో వోల్టేజీని పెంచే చిన్న సర్క్యూటు ఉండాలి. ఇది సెల్లు నీరసించినకొద్దీ ఎక్కువ కరెంటు గుంజి వెలుగును నిలకడగా ఉంచుతుంది: ఒక వాటు ఎల్‌ఈడీకి, సర్క్యూటులో పోయేది కూడా కలిపితే, సెల్లులు 2.4 వోల్టుల వద్ద ఉన్నప్పుడు దాదాపు అర ఆంపియరు, 1.8 వోల్టులకు దిగినప్పుడు 0.65 ఆంపియర్లు పోతాయి. అంటే సెల్లు ఖర్చు పాత బల్బుకు దగ్గరగానే ఉండి వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కానీ పాత బల్బు ఎర్రబారుతూ ముందే హెచ్చరించేది, ఈ బల్బు చివరిదాకా తెల్లగా వెలిగి ఉన్నట్టుండి ఆరిపోతుంది. మూడు సెల్లుల చవక బల్బుల్లో ఆ సర్క్యూటు బదులు ఒక నిరోధకం మాత్రమే ఉంటుంది. నాలుగున్నర వోల్టుల్లో ఎల్‌ఈడీ 3.1 తీసుకోగా మిగిలిన 1.4 వోల్టులు, అంటే శక్తిలో ముప్పై శాతానికి పైగా, ఆ నిరోధకంలో వేడిగా పోతాయి. అయితే సెల్లులు దిగినకొద్దీ కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి ఈ రకం మసకబారుతూనైనా చాలాసేపు వెలుగుతుంది. వరద రాత్రి సాయం కోసం ఎదురుచూసేవారికి పొదుపు లెక్కలో ఓడిపోయిన ఈ రెండో రకమే అక్కరకు రావచ్చు.

రెండో చిక్కు వేడి. తీగ బల్బు వేడిలో చాలా భాగం పరారుణ కిరణాలుగా, అంటే కంటికి కనబడని వేడి కిరణాలుగా, ముందున్న అద్దం గుండా వెలుపలికి పోతుంది. ఎల్‌ఈడీ వేడి అలా కిరణాలుగా పోదు, తన మూతి గుండా వెనక్కి ప్రవహించి టార్చి ఒంటిని చేరాలి. అల్యూమినియం ఒళ్లు ఆ వేడిని సులువుగా లాగేసుకుంటుంది; ప్లాస్టిక్కు ఉష్ణవాహకత అల్యూమినియంలో దాదాపు వెయ్యోవంతు. నీరు చొరని టార్చిలో గాలి కూడా కదలదు కాబట్టి, ప్లాస్టిక్ ఒంట్లో ఒక వాటు బల్బు దాకా ఫరవాలేదు గానీ మూడు వాట్ల బల్బు వేస్తే మొదటి నిమిషంలో కనిపించిన వెలుగు పావుగంటకు నిలవదు, ఎల్‌ఈడీ ఆయుష్షూ తగ్గుతుంది. అంగట్లో కొన్ని క్షణాలు వెలిగించి చూసి కొనడం వల్ల ఈ లోపం బయటపడదు.

మూడో చిక్కు కేంద్రీకరణ. టార్చి రిఫ్లెక్టరు పరావలయం ఆకారంలో ఉంటుంది. దాని నాభి అనే ఒక్క బిందువు వద్ద ఉన్న వెలుగు మాత్రమే సమాంతర కిరణపుంజంగా దూరం పోతుంది. పాత బల్బు మూతికున్న లోహపు అంచు తీగను సరిగ్గా ఆ బిందువు వద్ద నిలబెట్టడానికి ఏర్పాటైనది. తీగ అన్ని వైపులకూ వెలుగు చిమ్మి రిఫ్లెక్టరును నింపుతుంది; ఎల్‌ఈడీ మాత్రం ముందువైపుకే చిమ్ముతుంది కాబట్టి ఎక్కువ వెలుగు రిఫ్లెక్టరును తాకకుండానే పోయి దగ్గర్లో పరుచుకుంటుంది. అందువల్ల ల్యూమెన్లు పదింతలైనా దూరం పదింతలు కాదు. టార్చిల కొలతకు వాడే ఎఫ్ఎల్1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం, వెలుగు 0.25 లక్సుకు, అంటే సుమారు పున్నమి వెన్నెల స్థాయికి, తగ్గే చోటును కిరణ దూరంగా లెక్కిస్తారు. లక్సు అంటే ఒక ఉపరితలం మీద చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు. వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కనుక, దూరాన్ని రెట్టింపు చేయాలంటే పుంజం మధ్యలోని తీవ్రతను నాలుగింతలు చేయాలి. చెరువు కట్ట అవతలి ఒడ్డును చూడవలసిన వ్యక్తికి ల్యూమెన్ల అంకె కంటే ఈ దూరపు అంకె ముఖ్యం. మగ్గం మీద తెగిన పోగును వెతికే వ్యక్తికి పరుచుకున్న వెలుగే మేలు.

మగ్గం దగ్గర ఇంకొక భేదం కూడా లెక్కలోకి వస్తుంది. తీగ బల్బు వెలుగు పసుపు ఛాయలో ఉన్నా అందులో అన్ని రంగులూ ఎడతెగకుండా ఉంటాయి. చవక ఎల్‌ఈడీలో నీలం ఉబ్బి, ముదురు ఎరుపు సన్నగిల్లుతుంది. రంగులను ఎంత సహజంగా చూపుతుందో తెలిపే సూచిక తీగ బల్బుకు నూటికి దగ్గరగా ఉంటే, చవక ఎల్‌ఈడీకి డెబ్భై ప్రాంతంలో ఉంటుంది. రెండు విడతల్లో అద్దిన ఎర్ర నూలు అటువంటి టార్చి కింద ఒకే ఛాయగా కనిపించి, నేశాక పగటి వెలుగులో చారలుగా బయటపడే అవకాశం ఉంది. నూలు జత కలపడానికి టార్చి వాడక తప్పనిచోట నీలిఛాయ తక్కువగా ఉన్న ‘వార్మ్ వైట్’ ఎల్‌ఈడీ కొంత నయం, కానీ తుది నిర్ణయం ఎండ వెలుగుకే వదలాలి.

నీరు ఎలా చొరబడుతుంది

అట్టపెట్టె మీద ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటకు కొలత లేదు. దాని పక్కన ముద్రించే ఐపీ సంకేతానికి ఉంది. భారత ప్రమాణాల సంస్థ కూడా స్వీకరించిన ఐఈసీ 60529 ప్రమాణంలో ఐపీ తరువాతి మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి సంబంధించినవి. దుమ్ము పరీక్ష ప్రకటించకపోతే ఆ చోట ఎక్స్ వేస్తారు. ఐపీఎక్స్4 అన్ని వైపుల నుంచి చిందే నీటికి, ఐపీఎక్స్5 నిమిషానికి పన్నెండున్నర లీటర్ల ధారకు, ఐపీఎక్స్6 నిమిషానికి వంద లీటర్ల ధారకు, ఐపీఎక్స్7 ఒక మీటరు లోతులో అరగంట మునకకు గుర్తు. వీటిలో ఏడు ముందు అంకెల మెట్ల వరుసలోది కాదన్నది చాలామంది గమనించరు: మునకలో నెగ్గిన టార్చి ధారలో ఓడవచ్చు, ఎందుకంటే ధార రబ్బరును ఒక పక్కకు నెట్టగలదు, నిలకడ నీరు అన్ని వైపుల నుంచి సమంగా నొక్కుతుంది. ఒక మీటరు లోతులో ఆ ఒత్తిడి వాతావరణ పీడనంలో పదోవంతు. ఐదు సెంటీమీటర్ల వ్యాసమున్న ముందు అద్దం మీద అది సుమారు రెండు కిలోల బరువుతో సమానం.

ఈ ఒత్తిడిని ఆపేది ఓ-రింగు అనే గుండ్రని రబ్బరు వలయం. టార్చి మూతను మర తిప్పి బిగించినప్పుడు అది గాడిలో కొద్దిగా నలిగి ఖాళీని నింపుతుంది, నీరు నొక్కినకొద్దీ గాడి గోడకు మరింత అతుక్కుంటుంది. ఆ రబ్బరు మీద ఒక్క వెంట్రుక, ఒక ఇసుక రేణువు, లేదా మగ్గాల దగ్గర ఎప్పుడూ ఎగిరే నూలు పీచు చిక్కుకున్నా దాని వెంట నీటికి దారి దొరుకుతుంది. సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే రబ్బరు మెలిపడకుండా జారి సర్దుకుంటుంది. మామూలు యంత్రపు గ్రీజు, పెట్రోలియం జెల్లీ సహజ రబ్బరును ఉబ్బించి చెడగొడతాయి.

చవక టార్చిలు ఎక్కువగా ఓడిపోయేది లోతు వల్ల కాదు, వేడి-చల్లదనాల తేడా వల్ల. వెలిగి వెలిగి లోపలి గాలి 45 డిగ్రీలకు చేరిన టార్చి 27 డిగ్రీల వాననీటిలో పడితే ఆ గాలి చల్లబడి, దాని పీడనం దాదాపు ఆరు శాతం తగ్గుతుంది. ఇది టార్చిని మరో 58 సెంటీమీటర్లు లోతుకు దించడంతో సమానం. జానెడు నీటిలో పడిన టార్చిలో అద్దం వెనక ఆవిరి పట్టడానికి ఈ పీలుపే కారణం. ఐపీఎక్స్7 పరీక్షలో నీటికీ వస్తువుకూ ఉష్ణోగ్రత తేడా ఐదు డిగ్రీలు మించకూడదన్న నియమం ఉంది కాబట్టి, ఈ బలహీనతను ఆ ముద్ర పట్టి ఇవ్వదు. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే లోపలి గాలి మరింత వేడెక్కి పీలుపు మరింత పెరుగుతుంది. బల్బు మార్పు రబ్బరు మీద మోపే భారం ఇదే.

మరీ గట్టిగా బిగిసిన టార్చిలో వేరొక ప్రమాదం ఉంది. జింకు సెల్లులు, ముఖ్యంగా పాతవీ కొత్తవీ కలిపి వేసినప్పుడు, హైడ్రోజన్ వాయువును కొద్దికొద్దిగా విడుస్తాయి. గాలిలో నాలుగు శాతం దాటిన హైడ్రోజన్‌కు స్విచ్చు నిప్పురవ్వ చాలు. నీటి అడుగున వాడే టార్చిల్లో ఈ వాయువును నీటిగా మార్చే ఉత్ప్రేరకపు బిళ్ల పెట్టడమో, వాయువును బయటికి వదిలే కవాటం అమర్చడమో చేసేది ఇందుకే. ఇంట్లో వాడేవారు వాడకం లేని నెలల్లో సెల్లులు తీసి ఉంచడం, అన్ని సెల్లులనూ ఒకేసారి మార్చడం సరిపోతుంది. సెల్లు కారి స్ప్రింగు తుప్పుపట్టే బెడద కూడా దానితోనే తప్పుతుంది.

అంగట్లోని నాలుగు రకాలు

ఈ సూత్రాలతో చూస్తే అంగట్లో దొరికే చవక టార్చిలు నాలుగు రకాలుగా విడిపోతాయి. మొదటిది రేకు లేదా ఇత్తడి గొట్టపు రెండు సెల్లుల టార్చి. ఇది వేడిని బాగా లాగుతుంది, బల్బు మార్చడానికి వీలుగా ఉంటుంది, కానీ జారే స్విచ్చు కోసం గొట్టానికి కోసిన చీలిక గుండా నీరు నేరుగా దిగుతుంది. దీన్ని ఏ రబ్బరుతోనూ నీటి టార్చిగా మార్చలేరు.

రెండోది గోడ ప్లగ్గులో గుచ్చి ఛార్జి చేసుకునే ప్లాస్టిక్ టార్చి. లోపల నాలుగు వోల్టుల చిన్న సీసం-ఆమ్లపు బ్యాటరీ ఉంటుంది. దాన్ని పూర్తిగా దించి నెలల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ ఛార్జి పట్టదు. అంతకంటే ముఖ్యమైనది, చాలా చవక రకాల్లో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, 230 వోల్టుల కరెంటును ఒక కెపాసిటరు ద్వారా నేరుగా లోపలికి తీసుకుంటారు. ఛార్జి అవుతున్నప్పుడు లోపలి భాగాలన్నిటికీ కరెంటు సంబంధం ఉంటుంది కాబట్టి, తడిసిన ఈ టార్చిని పూర్తిగా ఆరకముందే ప్లగ్గులో పెట్టడం ప్రాణాంతకం.

మూడోది తల భాగాన్ని ముందుకు వెనక్కు జరిపి వెలుగును కుదించే అల్యూమినియం టార్చి. లిథియం బ్యాటరీతో వస్తుంది, వేడిని మోస్తుంది, కిరణం దూరం పోతుంది. అయితే తల జరిపిన ప్రతిసారీ లోపలి ఘనపరిమాణం మారి గాలిని పీల్చి వదులుతుంది కాబట్టి, తడిగా ఉన్నప్పుడు తలను ముందుకు లాగితే నీటిని లోపలికి ఆహ్వానించినట్టే. నాలుగోది మర మూత, ఓ-రింగు, రబ్బరు తొడుగు స్విచ్చు ఉన్న మందపాటి ప్లాస్టిక్ టార్చి. నీటికి నాలుగింటిలో ఇదే మేలు, వేడికి ఇదే బలహీనం. కనుక ఒక వాటుకు మించని ఎల్‌ఈడీకి ఇదే తగిన ఇల్లు. తలకు కట్టుకునే దీపం చేతులను ఖాళీగా ఉంచినా, జోరువానలో కళ్లకు దగ్గరగా ఉన్న ఆ వెలుగు చినుకుల మీద పడి నేరుగా కంట్లోకి తిరిగివస్తుంది. నడుము ఎత్తున పట్టుకున్న టార్చితో బురదనీటి అంచు అంతకంటే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంటి పరీక్షలు

కొన్న టార్చిని పరీక్షించడానికి ప్రయోగశాల అవసరం లేదు. సెల్లులు తీసి, మూత బిగించి, టార్చిని బకెట్టులోని గోరువెచ్చని నీటిలో అడుగుదాకా ముంచితే లోపలి గాలి వ్యాకోచించి, కంత ఉన్న చోట బుడగలు కట్టి లోపం చూపిస్తుంది. ఈ పద్ధతిలో గాలి బయటికే తోస్తుంది కాబట్టి నీరు లోపలికి పోదు. చల్లబడేదాకా నీటిలోనే వదిలితే మాత్రం పీలుపు మొదలవుతుంది. బుడగలు రాని టార్చిలో పొడి టిష్యూ కాగితం పెట్టి, ఈసారి చల్లని నీటిలో అరగంట ముంచి, తీసి తుడిచి, కాగితం చెమ్మగిల్లిందో లేదో చూస్తే పరీక్ష పూర్తవుతుంది.

వెలుగుకు సెల్‌ఫోనులోని లక్సు మీటరు యాప్ పోలికకు సరిపోతుంది. ఐదు మీటర్ల దూరంలో పుంజం మధ్య 40 లక్సులు చూపితే, దాన్ని దూరపు వర్గమైన 25తో హెచ్చవేయగా తీవ్రత 1000 క్యాండెలాలు అవుతుంది. వెలుగు 0.25 లక్సుకు తగ్గే చోటు కావాలి కాబట్టి, దాని వర్గమూలాన్ని రెట్టిస్తే కిరణ దూరం సుమారు 63 మీటర్లని తేలుతుంది. ఇదే కొలతను వెలిగించిన మొదటి నిమిషంలో ఒకసారి, ఇరవై నిమిషాల తరువాత మరోసారి తీసుకుంటే, ఆ రెండింటి తేడాయే బల్బు వేడికీ సెల్లు నీరసానికీ కలిపిన లెక్క.

కాబట్టి చవక టార్చిని మెరుగుపరచే వరుస ధరను బట్టి కాక భౌతికశాస్త్రాన్ని బట్టి సాగాలి: ముందు చిలుము తుడవాలి, తరువాత సెల్లులను జింకు-కార్బన్ నుంచి అంతర్నిరోధం తక్కువగా ఉన్న ఆల్కలైన్‌కు మార్చాలి, ఆ పైన సెల్లుల సంఖ్యకు తగిన వోల్టేజీ, ఒంటికి తగిన వాట్లు ఉన్న ఎల్‌ఈడీ వేయాలి. మూతి సరిపోయినంత మాత్రాన బల్బు సరిపోయినట్టు కాదు. తీగ బల్బుకు లేని ధన, రుణ భేదం ఎల్‌ఈడీకి ఉన్నందున సెల్లులను తిరగేసి వేస్తే అది వెలగదు. బల్బు మార్చడానికి తల విప్పిన క్షణంతో పెట్టె మీది ఐపీ ముద్రకు చెల్లుబాటు తీరిపోతుంది. రబ్బరు వలయాన్ని తుడిచి, గ్రీజు రాసి, మళ్లీ బిగించి, బకెట్టు పరీక్షలో నెగ్గించిన తరువాతే ఆ టార్చిని వానాకాలానికి సిద్ధమైనదిగా లెక్కవేయాలి.